ఎదురుకొట్టు మీద నిఘా

అక్టోబరు 29, మంగళవారం

ఇవాళ్టి నుంచి అందరూ రోజూ రిపోర్టు రాయాలన్నాడు మా అల్లుడు. వంటింట్లోవాళ్ళు, సరుకు తెచ్చే జో, బిల్లు దగ్గర కూర్చునే నా కూతురు మిరాన్, అందరూ. ఏం చూశారు, ఏం విన్నారు, ఎదురుకొట్టులోకి ఎవరు వెళ్ళారు, ఏ మొహంతో బయటికొచ్చారు. అన్నీ చెప్పి నా వైపు తిరిగి "అత్తయ్యగారూ, మీరు మాత్రం..." అని ఆగిపోయాడు.

"నేనెవరికీ రిపోర్టు ఇవ్వను. ఈ కొట్టు నాది," అన్నాను.

నాకు అక్షరం ముక్క రాదు. అది వాడి నోటితో అనిపించుకోవడం ఇష్టంలేక ముందే అనేశాను.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఫోను తీశాను. ఈ మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని మిరాన్ ఎప్పుడో చూపించింది. ఇది రాసింది నేను చదవలేను. ఇంకెవరికీ చూపించను. మంచిదే. అల్లుడికి ఇచ్చే రిపోర్టు కాదు, నా రిపోర్టు.

రిపోర్టంటే మన బలగం ఎంత, శత్రువు బలగం ఎంత అని మొదలెట్టాలట. సరే. మన బలగం: పియో మల్‌సిమ్ అనే నేను. పంది ఎముకలు రాత్రంతా మరిగించి, ఆ సూపులో అన్నం వేసిచ్చే కుక్‌బాప్ కొట్టు. తర్వాత బొల్గ్యో. బొల్గ్యో ఊరి నుంచి వచ్చింది కాబట్టి బొల్గ్యో అనే పిలుస్తాం. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంటుందేమో, నాకు తెలీదు. మిరాన్ స్కూలుకి పోయే రోజుల్లో వచ్చింది. గుండిగ దగ్గర నిలబడేది అదే. గిన్నెలో చల్లన్నం వేసి, మరిగే సూపు పోసి, వంచి, మళ్ళీ పోసి, మళ్ళీ వంచి, మెతుకు లోపలిదాకా వేడెక్కాక బల్ల మీదికి పంపుతుంది. ఆ పని నేను దానికి వదిలేసి చాలా కాలమైంది. నా మణికట్టు పనికిరాదు.

తర్వాత మా అల్లుడు, మా తేసొప్. సైన్యంలో గూఢచారుల విభాగంలో మేజరు. వయసైపోయిందని ఇంటికి పంపేశారు. నలభై అయిదుకే అక్కడ వయసైపోతుందట. ఇంట్లో కూర్చుంటే గోడల్ని తినేస్తున్నాడని మిరాన్ ఏడిస్తే నేనే రమ్మన్నాను. వచ్చిన వారానికే పైఅంతస్తులో మా సందు పటం గోడకి అంటించాడు. నీలం గుండుసూదులు మనవి, ఎర్రవి వాళ్ళవి.

శత్రువు: యో చున్‌జా. మా ఎదురు. మధ్యలో ఒక చేతిబండి పట్టేంత సందు. ఇద్దరం ఒకే ముసలమ్మ దగ్గర ఈ పని నేర్చుకున్నాం. ఆవిడ పోయాక చున్‌జా బోర్డు మీద "అసలు" అని రాయించింది. నేను "అసలుకే అసలు" అని రాయించాను. ఆ రోజు నుంచి ఈ సందులో ఆవిడా నేనూ మాట్లాడుకోలేదు.

చాలు. గొంతెండిపోయింది.

అక్టోబరు 31, గురువారం

మేజరు చున్‌జా చెత్తసంచి ఎత్తుకొచ్చాడు. పైన పాత పేపర్లు పరిచి, చేతులకి తొడుగులు వేసుకుని, ఎముకలు ఒక కుప్ప, ఉల్లితొక్కలు ఒక కుప్ప పెట్టాడు. దాన్నిబట్టి వాళ్ళకి రోజుకెన్ని గిన్నెలు పోతున్నాయో తేల్చేస్తాడట.

బొల్గ్యో వాసనకి పైకొచ్చి చూసి, "మేజరుగారూ, ఇది కడిగేది కూడా నేనేనా?" అంది.

"శత్రువు చెత్త అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు.

"చెప్పదు సరే, కంపు కొడుతుంది."

నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

నవంబరు 4, సోమవారం

సందులో కొట్లన్నిటికీ సెలవు. ఆడవాళ్ళందరం కలిసి స్నానం చేసే ఊరి స్నానశాలకి వెళ్ళాను. సోమవారాలు వెళ్తాను, ఎప్పట్నుంచో అంతే.

వేడినీళ్ళ తొట్టిలో చున్‌జా అప్పటికే మునిగి ఉంది, తల మీద తువ్వాలు చుట్టుకుని. నేను ఎక్కి పక్కన కూర్చున్నాను. నానాక బయటికొచ్చి చిన్న పీటల మీద కూర్చున్నాం. గరుకు గుడ్డతో ముందు ఆవిడ వీపు నేను రుద్దుతాను, తర్వాత నా వీపు ఆవిడ. ఎవరి వీపు వాళ్ళకి అందదు. రుద్దడానికి అక్కడ మనిషి ఉంది గానీ దానికి డబ్బులిచ్చి రుద్దించుకోవడం ఇద్దరికీ చేతకాదు.

"ఎముకలు తేలిపోయాయేమే, నీ అల్లుడు తిండి పెట్టడం లేదా?" అంది.

"నీ వీపు మీద మట్టి చూస్తే నీ వంటింటి సంగతి తెలుస్తోందే."

"ఆ మేజరు మా చెత్త మోసుకుపోతున్నాడట. అడిగితే మా వాడే తెచ్చి నీ గుమ్మంలో పెడతాడు కదే, పాపం నడుము పట్టేస్తుంది."

"శత్రువు చెత్త అబద్ధం చెప్పదట."

ఇద్దరం నవ్వాం. గోడలకి తగిలి గట్టిగా వినిపించింది. పక్కన తల రుద్దుకుంటున్నావిడ తిరిగి చూసింది.

చున్‌జాకి ఎముకలు వేసే మనిషి గడ్డకట్టిన ఎముకలు అంటగడుతున్నాడట, మార్చేస్తానంది. నేను ఈ గురువారం నుంచి ముసలివాళ్ళకి సగం గిన్నె పెట్టబోతున్నామన్నాను. పూర్తి గిన్నె తినలేక వదిలేసి, బయటికెళ్ళి మొహం చిన్నబుచ్చుకుంటారు, అదొక మంచిపని, నా ఆలోచనే అన్నాను. నా ఆలోచనే. మేజరుది కాదు.

"ఊఁ. ఎడం భుజం పక్కకి తిప్పు," అంది.

బట్టలు వేసుకున్నాక ముందు ఆవిడ బయటికి వెళ్తుంది, కాసేపయ్యాక నేను. సందులోకి వచ్చాక ఎవరి తలుపు వాళ్ళది.

నవంబరు 5, మంగళవారం

"ఎదురువాళ్ళు ఎముకల మనిషిని మారుస్తున్నారు. వాళ్ళు వదిలేసినవాణ్ణి ఇప్పుడు మనం పట్టుకుంటే తక్కువ ధరకే వేస్తాడు," అన్నాను మేజరుతో.

వాడు పటం దగ్గర్నుంచి తిరిగాడు. "మీకెలా తెలుసు?"

"ముసలిదాన్ని. వాసన పసిగడతాను."

"అత్తయ్యగారూ, మా విభాగంలో మీలాంటివాళ్ళు ఒక్కరుండుంటే..." అని నిజంగానే వంగి నమస్కారం పెట్టాడు.

నవంబరు 6, బుధవారం

పొద్దున తలుపు తీసేసరికి ఎదురుకొట్టు కిటికీకి గుడ్డ కట్టి ఉంది. ఏం రాసుందో జో చదివాడు. పెద్దవాళ్ళకి సగం గిన్నె.

మేజరు కిందికొచ్చి చూశాడు. మెట్లెక్కి వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా పైన ఒకటే నడక.

తర్వాత నన్నొక్కదాన్నే పిలిచి, "మనలో ఒకరు అవతలికి చేరేస్తున్నారు," అన్నాడు.

"ఎవరు?"

"తేలుస్తాను."

"తేల్చు. ఎవరైనా సరే ఇక్కడ ఉండడానికి వీల్లేదు," అన్నాను.

దొంగని ఇంట్లో పెట్టుకుని ఎవరు పడుకుంటారు?

నవంబరు 7, గురువారం

మేమూ సగం గిన్నె పెట్టాం. ముగ్గురు ముసలివాళ్ళు వచ్చారు. ముగ్గురూ పూర్తి గిన్నె అడిగారు.

నవంబరు 9, శనివారం

ముల్లంగి తరుగుతుంటే బొల్గ్యో పక్కకొచ్చి కూర్చుంది.

"అక్కా, మేజరుగారు నన్ను పైకి పిలిచి రహస్యం చెప్పారు. శుక్రవారం నుంచి గిన్నెకొక పళ్ళెం పేగుముక్కలు ఉచితమట."

పేగుల్లో నెత్తురు, సేమియా కూరి ఉడికించి కోస్తామే, అవి. దానికి పని ఎక్కువ, మిగిలేది తక్కువ.

"వాడికి మతిపోయిందా? పేగులు ఎవరు కడుగుతారు?"

"ఎవరు కడుగుతారు, నేనే. ఎవరికీ చెప్పొద్దన్నారు. చస్తే చెప్పొద్దన్నారు."

"మరి నాకెందుకు చెప్తున్నావ్?"

బొల్గ్యో నా వైపు వింతగా చూసింది. "మీకు చెప్పకుండా ఈ ఇంట్లో నేనేం చేశాను ఇన్నాళ్ళూ?"

అదీ నిజమే. మొగుడు పోయినప్పుడు కూడా వాళ్ళ అత్తకంటే ముందు నాకే చెప్పింది.

నవంబరు 11, సోమవారం

స్నానం. నీళ్ళు మరీ వేడి. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. కిమ్చి పచ్చడి పెట్టే రోజులొస్తున్నాయి, క్యాబేజీ గురించి కాసేపు. మోకాళ్ళ గురించి కాసేపు. "పేగుముక్కలు ఊరికే పెడితే ఎన్నాళ్ళు నిలబడతారే ఎవరైనా?" అన్నాను. ఊరికే అన్నాను. "ఎవరు పెడుతున్నారు?" అంది. "పెడితే అంటున్నా," అన్నాను. వీపు మండేలా రుద్దింది ఇవాళ.

నవంబరు 13, బుధవారం

ఎదురు కిటికీకి కొత్త గుడ్డ. గిన్నెకొక పళ్ళెం పేగుముక్కలు, ఉచితం.

మేజరు వంటింట్లోకి వచ్చాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. బొల్గ్యో గుండిగ దగ్గర ఉంది. మిరాన్ గుమ్మంలో నిలబడింది. జో ఎముకల సంచి దింపుతూ ఆగిపోయాడు. నేను ఉల్లికాడలు తరుగుతున్నాను.

"ముగ్గురికి మూడు మాటలు చెప్పాను," అన్నాడు మేజరు. "జోకి, తెల్లవారకముందే కొట్టు తెరుస్తామని చెప్పాను. మిరాన్‌కి, ధర తగ్గిస్తామని. బొల్గ్యోగారూ, మీకు పేగుముక్కలని. మూడూ అబద్ధాలే. ఎదురు ఏ మాట వేలాడుతోందో చూడండి."

"నాక్కూడా అబద్ధం చెప్పావా?" అంది మిరాన్. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"మీరు ఎవరికైనా చెప్పారా?" అని బొల్గ్యోని అడిగాడు. మీరు అనే అన్నాడు. మర్యాద తప్పడు.

బొల్గ్యో గరిటె కింద పెట్టింది. "బయటివాళ్ళెవరికీ చెప్పలేదు."

"లోపల?"

సూపు పొంగుతోంది. అది మంట తగ్గించింది. నా వైపు చూసిందనుకుంటాను. నేను ఉల్లికాడలు తరుగుతున్నాను. ఇవాళ కాడలు ముదురు, కత్తి దిగలేదు.

"ఎవరికీ చెప్పలేదు," అంది బొల్గ్యో.

మేజరు చెప్పేదీ నిజమే కదా. పేగుముక్కల మాట మేజరు దానికొక్కదానికే చెప్పాడు. ఇంకెవరికీ తెలీదు. లెక్క సరిగ్గానే ఉంది. ఇలాంటి లెక్కలు చేసి చేసి జుట్టు నెరిసినవాడు, తప్పు ఎందుకు చేస్తాడు?

బొల్గ్యో ఏప్రాన్ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టింది. రబ్బరు బూట్లు సంచిలో వేసుకుంది. "అక్కా, వెళ్తాను," అంది. "ఊఁ," అన్నాను.

నాకేమీ అనిపించలేదు. ఉల్లికాడలు గంపెడు అయ్యాయి. అన్ని ఎవరు తింటారు?

నవంబరు 14, గురువారం

ఇవాళ ఏమీ లేదు.

నవంబరు 15, శుక్రవారం

గుండిగ దగ్గర కొత్త అమ్మాయిని పెట్టారు. ఒక్కసారి పోసి ఇచ్చేస్తోంది. చెప్పాను. "అమ్మమ్మగారూ, రైసు కుక్కర్లో వేడన్నమే ఉందిగా, ఎందుకు వంచడం?" అంది. తిట్టడానికి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఎప్పుడూ వచ్చేది.

నవంబరు 18, సోమవారం

స్నానానికి వెళ్ళలేదు. మోకాళ్ళు నొప్పి.

నవంబరు 20, బుధవారం

మోకాళ్ళు నొప్పి.

ఎముకలు దింపుతూ జో చెప్పాడు. బొల్గ్యో ఈ సందులో నాలుగైదు కొట్లు తిరిగిందట. సందు దాటి మార్కెట్ అవతల కూడా అడిగిందట. ఎవరూ పెట్టుకోలేదు.

"ఎందుకు పెట్టుకోరు? గుండిగ దగ్గర అంత చెయ్యి ఎవరికుంది?" అన్నాను.

"చెయ్యి గురించి కాదు పెద్దమ్మా. నోటి గురించి. ఇంటి గుట్టు అవతలికి చేర్చిందన్న మనిషిని వంటింట్లోకి ఎవరు రానిస్తారు? మీరే పంపేశారంటే ఇక అడిగేదేముంది, మీ మాటకి అంత విలువ."

ఇప్పుడు రేవు దగ్గర కిమ్చి క్యాబేజీకి ఉప్పు పట్టించే కూలికి పోతోందట. ఈ చలిలో ఉప్పునీళ్ళలో మోచేతులదాకా.

"నేను పంపలేదు, మేజరు పంపాడు," అన్నాను.

జో సంచి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నవంబరు 23, శనివారం

వీపు దురద. గోడకి రుద్దుకున్నాను.

నవంబరు 25, సోమవారం

వెళ్ళాను.

చున్‌జా తొట్టిలో లేదు. పీట మీద కూర్చుని ఉంది, నాకోసమే చూస్తున్నట్టు. గరుకు గుడ్డ చేతిలో ఉంది. నేను కూర్చుని వీపు తిప్పాను. రుద్దలేదు.

"బొల్గ్యోని పంపేశావట."

"మేజరు పంపాడు."

"నీ కొట్టే కదా."

"అది నీకు చేరేసింది కాబట్టి పంపాం. నీకే తెలియాలి ఆ సంగతి."

వెనకాల ఎవరో చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నారు.

"ఒసే మల్‌సిమ్," అంది, "నాకు చెప్పింది నువ్వే కదే."

"నేనేం చెప్పాను?"

"సగం గిన్నె చెప్పావు. పేగుముక్కలు చెప్పావు. అంతకుముందు ఎన్ని చెప్పలేదు? ఆ బొల్గ్యో నా మొహం ఎప్పుడు చూసింది? నా గుమ్మం వైపు తలెత్తి కూడా చూడదు, నువ్వు చూడనివ్వవని."

"అది చెప్పడం కాదు. మాట్లాడుకోవడం."

"మరి నా ఎముకల మనిషి వారంలో నీ మనిషి ఎలా అయ్యాడే?"

నేను చెంబు తీసుకుని కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాను.

"నువ్వు చెప్తే విన్నాను. విన్నాక చేతులు కట్టుకు కూర్చోవడానికి నేనేం గుళ్ళో దేవతనా? నువ్వూ కూర్చోలేదు. మన ఇద్దరికీ అది ఆటే. దాని బతుకు మధ్యలోకి వస్తుందని నాకేం తెలుసు?"

"అంత జాలిగా ఉంటే నువ్వే పెట్టుకో."

"పెట్టుకుందును. పెట్టుకుంటే అది నిజమైపోతుంది. చూశారా, గూఢచారి తన యజమాని దగ్గరికే చేరిందంటారు. ఇక జన్మలో దాని పేరు కడగలేరు." తర్వాత గుడ్డ తడిపి నా వీపు రుద్దడం మొదలెట్టింది. రెండు వారాల మట్టి. "సందులో నోరు విప్పాల్సింది నువ్వు. నేను కాదు."

నవంబరు 26, మంగళవారం

నా వైపు నుంచి కూడా చెప్పుకోవాలి. రిపోర్టంటే అన్నీ ఉండాలి.

స్నానశాలలో మాట్లాడేది మాటల్లోకి రాదు. అక్కడ ఎవరికీ బట్టలు లేవు, కొట్లు లేవు, బోర్డులు లేవు. మా అమ్మ కూడా అంతే, తనతో దెబ్బలాడిన తోడికోడలి వీపు తనే రుద్దేది, బయటికొచ్చి మళ్ళీ దెబ్బలాడేది. అది ఎవరి రహస్యం చేరేసినట్టు? ఎవరూ అనలేదే?

బొల్గ్యో కూడా నోరు మూసుకోలేకపోయింది. ఎవరికీ చెప్పొద్దంటే నాకెందుకు చెప్పాలి? అది చెప్పకపోతే ఏమీ లేదు.

మేజరు ముగ్గురికి చెప్పాడు. నాలుగో మనిషికి అబద్ధం చెప్పి చూడలేదు. అత్తగారికి పరీక్ష పెట్టడం వాడికి తోచదు. తోచినా చెయ్యి రాదు. నేనేం చేస్తాను అందుకు?

దాన్ని అడిగినప్పుడు నేను ఉల్లికాడలు తరుగుతున్నాను. పని చేస్తున్న మనిషి ఎలా మాట్లాడుతుంది?

అల్లుడి ముందు, కూతురి ముందు, ఇన్నేళ్ళూ ఎవరిని చూసి ఉమ్మానో ఆవిడ వీపు రుద్దుతానని చెప్పాలా? చెప్తే మర్నాడే "అమ్మా, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి," అంటారు. ఆ మాట అన్నాక ఈ వంటింట్లో నా చేతికి కత్తి కూడా ఇవ్వరు. అది నాకు తెలుసు.

పై మాటలన్నీ మళ్ళీ చెప్పుకున్నాను, ఫోను ఆపేసి. రెండోసారి ఇంకా బలహీనంగా ఉన్నాయి.

నవంబరు 27, బుధవారం

మేజరుతో చెప్పాను. పైకెక్కి, పటం ముందు నిలబడి చెప్పాను. "బొల్గ్యో కాదు. చున్‌జాకి చెప్పింది నేను. స్నానశాలలో."

వాడు కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు. బార్లీ నీళ్ళు పోసిచ్చాడు.

"అత్తయ్యగారూ, మీ మనసు నాకు తెలుసు. ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి, బాధగానే ఉంటుంది. కానీ మీ మీద వేసుకుని ఆవిణ్ణి వెనక్కి తెచ్చుకోలేం."

"మీద వేసుకోవడం లేదయ్యా. నేనే చెప్పాను."

"మీరూ ఆవిడా ఈ సందులో ఒక్క మాట మాట్లాడుకోరని రోజూ కిటికీలోంచి చూస్తున్నది నేనే కదండీ," అని నవ్వాడు. "మా విభాగంలో కూడా అంతే, పాత సిపాయిల్ని కాపాడడానికి పెద్దవాళ్ళు నేరం నెత్తిన వేసుకునేవాళ్ళు."

నేను నిజం చెప్పినా నమ్మడు. ఎందుకంటే నేను అత్తగారిని.

నన్ను కాస్త ఉత్సాహపరుద్దామనుకున్నాడేమో, గొంతు తగ్గించాడు. చున్‌జా కొట్టుకి ఆనుకుని మూతబడిన లాండ్రీ ఉంది కదా, సోమవారం దాన్ని అద్దెకి తీసుకుంటున్నాడట. ఎదుట మనం, పక్కన మనం. ఆ లాండ్రీ వెనక గుమ్మంలోంచే వాళ్ళకి ఎముకలు దిగుతాయి. ఆ దారి మూసేస్తే చలికాలం దాటలేరట. చుట్టుముట్టడం అంటారట దాన్ని.

"మిరాన్‌కి కూడా చెప్పలేదు. ఇది మీకూ నాకూ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు," అన్నాడు.

బార్లీ నీళ్ళు తాగి కిందికొచ్చాను.

నవంబరు 29, శుక్రవారం

మధ్యాహ్నం. రెండు కొట్ల ముందూ జనం వరసకట్టి ఉన్నారు. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని. నేను ఏప్రాన్‌తోనే బయటికి వచ్చాను. సందు మధ్యలో నిలబడ్డాను. అక్కడ నేను ఎప్పుడూ నిలబడను, దాటుతాను అంతే.

"చున్‌జా!" అని పిలిచాను. పేరు పెట్టి.

అటు వరస, ఇటు వరస, అందరూ తిరిగారు. ఆవిడ తలుపు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది, చేతిలో గరిటెతోనే.

"నీ పక్క లాండ్రీని మా అల్లుడు సోమవారం అద్దెకి తీసుకుంటున్నాడే! నీ ఎముకల దారి మూసేస్తాడు. ఈలోపు ఇంటివాడి దగ్గరికి పరిగెత్తుకెళ్ళు."

ఎవరో నవ్వారు. చున్‌జా నవ్వలేదు.

"సగం గిన్నె సంగతి నీకు చెప్పింది నేను. పేగుముక్కలు చెప్పింది నేను. స్నానశాలలో, నీ వీపు రుద్దుతూ. బొల్గ్యో నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. అది ఎవరికీ చేరేయలేదు. అందరూ విన్నారా? వినకపోతే మళ్ళీ చెప్తాను."

"విన్నార్లే, గొంతు చించుకోకు," అంది చున్‌జా. సందులో నాతో అన్న మొదటి మాట.

పైకి చూశాను. మేజరు కిటికీలో ఉన్నాడు. ఈ మాట తనకీ నాకూ తప్ప తెలీదు. వాడి మొహంలో అది కనిపించింది, ఎముకలు ఒక కుప్ప, తొక్కలు ఒక కుప్ప వేసినట్టు అన్నీ సర్దుకోవడం.

లోపలికొచ్చి ఉల్లికాడలు తరిగాను.

నవంబరు 30, శనివారం

మిరాన్ కళ్ళు వాచి ఉన్నాయి. లాండ్రీని చున్‌జా తీసుకుందట.

డిసెంబరు 1, ఆదివారం

కొండ మీద బొల్గ్యో గదికి వెళ్ళాను. మెట్లు చాలా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదని అక్కడికెళ్ళాక తెలిసింది, తలుపు ఏదో తెలీక రెండు ఇళ్ళు కొట్టాను.

దాని చేతులు ఉప్పుకి పగిలి ఎర్రగా ఉన్నాయి. నేల మీద వేడి ఉన్నచోట నన్ను కూర్చోబెట్టింది. దుప్పటి మోకాళ్ళ మీద కప్పింది.

"సందులో అరిచారట అక్కా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదని అడగండి. రేవు దాకా వచ్చింది."

"అయితే రేపట్నుంచి రా. సెలవు రోజైనా సరే రా. ఆ కొత్తపిల్ల పారిపోయింది. మేజరు గుండిగ దగ్గర నిలబడి చేతులు కాల్చుకుంటున్నాడు."

అది నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎప్పట్లాగే. తర్వాత చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"ఆ రోజు నన్ను అడిగినప్పుడు మీరు తలెత్తుతారని చూశాను. 'నాకు చెప్పింది' అని ఒక్క మాట. అల్లుడి ముందు మీ పరువు పోతుందని నేను అనలేదు. మీరు అంటారనుకున్నాను."

"పని చేస్తున్నాను," అన్నాను.

"చూశాను."

నేల వెచ్చగా ఉంది. లేవాలనిపించలేదు.

"కోపం లేదక్కా. ఒట్టు. కానీ ఆ వంటింట్లోకి వస్తే నేను మీ తల వైపే చూస్తూ ఉంటాను, ఎప్పుడెత్తుతారా అని. పని సాగదు." గొంతు సవరించుకుంది. "ఇప్పుడు పేరు శుభ్రమైంది కదా. చున్‌జా అక్క మొన్న రాత్రే మనిషిని పంపింది. మంగళవారం నుంచి వెళ్తున్నాను."

ఏదో అనాలి. తిట్టాలి. లేకపోతే ఏడవాలి. వెతుక్కున్నాను, ఏదీ చేతికి దొరకలేదు.

"వాళ్ళ గరిటె బరువు," అన్నాను. "మణికట్టు చూసుకో."

"చూసుకుంటాను."

గుమ్మం దాకా వచ్చి చెప్పులు తిప్పి పెట్టింది, నాకు తొడుక్కోడానికి వీలుగా.

డిసెంబరు 3, మంగళవారం

మేజరు నాతో మాట్లాడాడు. నా వైపు కాదు, పటం వైపు చూస్తూ. "అత్తయ్యగారూ, ఇకమీదట మీకు ఏ ప్లానూ చెప్పం. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. పద్ధతి అది."

"సరే," అన్నాను.

"ఆవిడకి మన గుట్లన్నీ తెలుసు. ఇప్పుడు అవతల ఉంది."

"ఏం గుట్లయ్యా? పొయ్యాలి, వంచాలి."

వాడి రెండు చేతులకీ కట్లు. గుండిగ దగ్గర నిలబడ్డానికి ఇంకెవరూ లేరు, అందుకని కిటికీ దగ్గర కూర్చునే మనిషి లేడు. చాలాసేపు ఆలోచించి, కిటికీ నాకిచ్చాడు. రహస్యాలేవీ తెలియనివాళ్ళు చూస్తే ప్రమాదం లేదట. జనం ఎంతమంది, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ. రాయక్కర్లేదు, నోటితో చెప్తే చాలు.

డిసెంబరు 5, గురువారం

పొద్దున్నుంచి కిటికీ దగ్గరే. ఎదురుకొట్టు కిటికీ ఆవిరి పట్టి ఉంది గానీ గుండిగ ఉన్న మూల కనపడుతుంది. చూశాను.

జనం తగ్గాక మేజరు పైకొచ్చాడు. ఏప్రాన్ మీద సూపు మరకలు. కుర్చీలో కూలబడి, "చెప్పండి, ఏం కనిపించింది?" అన్నాడు.

"చాలాసేపు కూర్చోలేదు. జనం పలచబడ్డాక కూర్చుంది. అన్నం పెట్టుకుంది. సగం తిన్నాక ఎవరో వస్తే లేచింది. మళ్ళీ కూర్చుని మిగతాది తింది. చల్లారిపోయి ఉంటుంది."

"ఎవరు?"

"బొల్గ్యో."

"అది కాదండీ. జనం. ఎంతమంది వెళ్ళారు?"

"లెక్కపెట్టలేదు."

కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తూ కూర్చున్నాడు. కసురుకుంటాడనుకున్నాను. కసురుకోలేదు.

"రేపు కూడా నేనే కూర్చుంటాను," అన్నాను.